గమ్మునుండు నాయనా



నాలుగైదేళ్ల కిందటి మాట. తెల్లారుజామున తొలి బస్సులో కళ్యాణదుర్గం నుంచి అనంతపురం వస్తున్నాను. ముందు సీట్లో ఒక తల్లి, ఆమె పక్కన ఏడెనిమిదేళ్ల కొడుకు. ఆమె ఒళ్లో ప్లాస్టిక్ కవరు. అందులో ఆధార్ కార్డు, రేషన్ కార్డు, సచివాలయంలో తీసుకున్న స్లాటు కాగితం. వైకల్యం శాతం తేల్చి సర్టిఫికెట్టు ఇచ్చే సదరం క్యాంపుకు పోతున్నారని చూడగానే తెలిసిపోయింది. ఆత్మకూరు దాటినాక ఆమె కొడుకు చెవి దగ్గరికి వంగి మెల్లగా చెప్పింది.

"డాక్టరు ఏమడిగినా గమ్మునుండు నాయనా. పేరడిగినా చెప్పొద్దు."

వాడు సరేనని తలూపాడు. ఇంతలో కిటికీలోంచి కొండ మీద తిరుగుతున్న గాలిమరలు కనపడ్డాయి. వాడు ఎగిరి కూర్చుని, "మా, ఎంత పెద్ద ఫ్యానో!" అన్నాడు. తల్లి నోటి మీద చెయ్యి పెట్టి, "ఆ మాట గూడా అనొద్దు" అంది.

బస్సులో ఎవరో నవ్వారు. నాకు నవ్వు రాలేదు. ముప్పై ఏళ్లు ప్రభుత్వ బడుల్లో అయివారుగా పనిచేసినవాణ్ణి. వాడు చూశాడు, పోల్చుకున్నాడు, చూసింది తల్లికి చెప్పాడు. బడిలో ఏ పిల్లోడైనా ఆ మూడు పనులు చేస్తే భుజం తడతాం. ఆ రోజు మాత్రం అదే వాడి తప్పయింది.

ఆ తల్లిని తప్పుపడుతున్నానని అనుకోకండి. ఏడాదికి సగటున 550 మిల్లీమీటర్ల వాన, అదీ నమ్మకం లేని వాన పడే నేల మనది. చెనక్కాయకు ఊడలు దిగే వేళకు మబ్బు మొహం చాటేస్తే ఆ ఏటి సేద్యం అంతటితో సరి. అట్లాంటి ఇంటికి నెలనెలా ఒకటో తేదీన తప్పకుండా వచ్చే డబ్బంటే పింఛనే. అప్పట్లో దివ్యాంగుల పింఛను మూడు వేలు. 2024 జూలై నుంచి ఆరు వేలయింది. అది రావాలంటే సర్టిఫికెట్టులో కనీసం 40 శాతం పడాలి. ఆ శాతం ఎట్లా పడుతుందో తెలిస్తే, ఆమె అట్లా ఎందుకు చెప్పిందో మీకే అర్థమవుతుంది.

బుద్ధిమాంద్యం ఉన్న పిల్లలకు శాతం తేల్చడానికి వాడే కొలతల్లో ముఖ్యమైనదాన్ని వైన్‌ల్యాండ్ కొలమానం అంటారు. అమెరికాలో న్యూజెర్సీ రాష్ట్రంలోని వైన్‌ల్యాండ్ అనే ఊళ్లో 1935లో ఎడ్గర్ డాల్ అనే శాస్త్రవేత్త దాన్ని తయారుచేశాడు. తర్వాత నాగపూర్‌లో మాలిన్ అనే ఆయన మన దేశపు పిల్లలకు సరిపోయేట్టు దాన్ని 89 అంశాలకు కుదించాడు. తనంతట తాను తింటాడా, బట్టలు వేసుకుంటాడా, వీధి దాటి అంగడికి పోయి వస్తాడా, ఇట్లాంటి సంగతులు. వీటికి జవాబు చెప్పేది పిల్లోడు కాదు, ఎక్కువగా తల్లే. వచ్చిన అంకెను శాతంగా మార్చే పట్టిక ఒకటి ఉంటుంది. అప్పట్లో అమల్లో ఉన్న, 2018 జనవరిలో కేంద్ర ప్రభుత్వం ప్రకటించిన మార్గదర్శకాల ప్రకారం 55 నుంచి 69 దాకా వస్తే 50 శాతం. 70 నుంచి 84 దాకా వస్తే 25 శాతం. అంటే 69 వచ్చిన పిల్లోడి ఇంటికి పింఛను ఉంది, 70 వచ్చిన పిల్లోడి ఇంటికి లేదు. మధ్యలో తేడా ఒక్క అంకె. ఆ అంకె తల్లి నోటి మాట మీద నిలబడి ఉంది. ఇంక ఆమె ఏం చెప్పాలంటారు?

ఇట్లాంటి పిల్లలే క్యాంపు తర్వాత నెలా రెండు నెలల్లో మండల కేంద్రంలోని భవిత సెంటర్‌కు వస్తారు. భవిత సెంటర్ అంటే సమగ్ర శిక్ష కింద ప్రత్యేక అవసరాలున్న పిల్లల కోసం నడిచే చిన్న బడి. రెండు గదులు, నేల మీద రంగుల చాపలు, గోడకు బొమ్మలు, ఒక ఆయా, ఒకరిద్దరు రిసోర్సు టీచర్లు, వారానికొకసారి వచ్చిపోయే ఫిజియోథెరపిస్టు. అక్కడ మేడం కూడా అదే ప్రశ్న అడుగుతుంది. "నీ పేరేంది కన్నా? చెప్పు, చెప్తే చప్పట్లు కొడతాం." వాడు తల్లి మొహం చూస్తాడు. చెప్పొచ్చా వద్దా?

ఒక కొలత వాడికి ఏమేమి చేతకాదో వెతుకుతుంది. ఇంకో కొలత వాడికి ఏమేమి చేతనవునో వెతుకుతుంది. మొదటిది అందరికీ తెలుసు. రెండోదాని గురించి చెప్పాలనే ఈ రోజు రేడియో మైకు ముందు కూర్చున్నాను.

ఆ రెండోది మన తెలుగు నేల మీదే తయారయింది. సికిందరాబాదు బోయినపల్లిలో మనోవికాస్ నగర్ అని ఉంది. అక్కడ 1984లో కేంద్ర ప్రభుత్వం బుద్ధిమాంద్య పిల్లల కోసం ఒక జాతీయ సంస్థ పెట్టింది. పాతవాళ్లు ఇప్పటికీ దాన్ని ఎన్ఐఎంహెచ్ అనే అంటారు. ఇప్పుడు పేరు మారి ఎన్ఐఈపీఐడీ అయింది. ఈ రంగంలో పేర్లు మార్చినంత తొందరగా ఇంకేదీ మార్చరు, అది వేరే సంగతి. ఆ సంస్థలో రీటా పెషావరియా, ఎస్. వెంకటేశన్ అనే ఇద్దరు 1992లో ఒక ప్రవర్తన కొలమానం ప్రచురించారు. స్పెషల్ టీచర్లందరూ దాన్ని 'బేసిక్ ఎంఆర్' అంటారు. అందులో రెండు భాగాలు. మొదటి భాగంలో 280 అంశాలు. కాళ్లూ చేతుల కదలిక, రోజువారీ పనులు, మాట, చదవడం రాయడం, అంకెలూ కాలమూ, ఇంటిపనీ నలుగురితో మెలగడమూ, డబ్బూ చేతిపనీ. ఈ ఏడింటికీ ఒక్కోదానికి నలభై అంశాలు.

నాకు బాగా నచ్చింది దాని మార్కుల పద్ధతి. చెంబుతో నీళ్లు పోసుకుని చెయ్యి కడుక్కునే పని తీసుకోండి. పిల్లోడు తనంతట తాను చేస్తే 5. మనం చిన్న సైగ చేస్తే చేశాడనుకోండి, 4. నోటితో చెప్తూ ఉంటే చేశాడు, 3. చెయ్యి పట్టుకుని చేయిస్తే చేశాడు, 2. మొత్తం మనమే చేయాల్సొచ్చింది, 1. ఆ అంశం ఆ పిల్లోడికి వర్తించదనుకుంటే 0. మామూలు పరీక్షలో అయితే తప్పో ఒప్పో రెండే. ఇక్కడ తప్పుకూ ఒప్పుకూ నడుమ మూడు మెట్లున్నాయి. చెయ్యి పట్టుకుంటే తప్ప చేయని పిల్లోడు సంక్రాంతికల్లా మాట చెప్తే చేస్తున్నాడంటే 2 కాస్తా 3 అయింది. ఇంట్లో వాళ్లకు అది పెద్ద మార్పు. సర్టిఫికెట్టులో శాతం మాత్రం వెంట్రుకవాసి కదలదు. కదలాల్సిన పనీ లేదు, దాని పని అది కాదు.

రెండో భాగంలో 75 అంశాలు, పది రకాల ఇబ్బందికరమైన ప్రవర్తనలు. కొట్టడం, పగలగొట్టడం, మంకుపట్టు, తనను తాను గాయపరచుకోవడం, చేసిందే చేయడం, ఒకచోట నిలవకపోవడం, ఎదురుతిరగడం, భయాలు, ఇట్లా. ఒక్కోదానికి ఎప్పుడూ లేకపోతే 0, అప్పుడప్పుడయితే 1, తరచూ అయితే 2. ఈ పద్ధతిలో ఒక నియమం ఉంది. అది మామూలు అయివార్లకు కూడా పనికొస్తుంది. 'వీడు మొండోడు' అని రాయకూడదు. 'తిక్కోడు' అని రాయకూడదు. కంటికి కనపడేదీ లెక్కపెట్టగలిగేదీ మాత్రమే రాయాలి. 'పలక విసురుతాడు, రోజుకు రెండు సార్లు.' అంతే. మొండితనాన్ని ఎవరూ లెక్కపెట్టలేరు, పలక పడిన చప్పుడు లెక్కపెట్టగలరు.

పలక మాట ఊరికే రాలేదు. ఆ పలక విసిరింది నా తరగతిలోనే.

కళ్యాణదుర్గం వైపు ఒక మెట్ట పల్లె, ఊరి పేరు చెప్పను. ఇద్దరు అయివార్లం, నలభై మందికి పైగా పిల్లలు. మూడో తరగతిలో ఒక పిల్లోడు. తల్లీ తండ్రీ బెంగళూరులో కట్టడం పనికి పోతారు, వీడు జేజి దగ్గర ఉంటాడు. మాట తక్కువ. సర్టిఫికెట్టు ఉంది, అందులో ఒక శాతం ఉంది. వాడితో నా ఇబ్బంది ఒక్కటే. ఉన్నట్టుండి పలకో పుస్తకమో ఎదుట ఉన్నవాళ్ల మీదికి విసిరేవాడు. ఒకసారి ఒక ఆడపిల్ల నుదురు చిట్లింది. జేజిని పిలిపించాను. "వానికి తిక్క సార్, నేనేం జేసేది. తాయెత్తు గట్టించినా, పెనుకొండ బాబయ్య కాడికి గూడా తీస్కపోయినా" అంది. నేనూ అదే అనుకున్నాను, తిక్కేనని. కొట్టడం చట్టం ఒప్పుకోదు, 2009 విద్యాహక్కు చట్టం పదిహేడో సెక్షన్ దాన్ని నిషేధించింది. అందుకని వాడు విసిరినప్పుడల్లా బయటికి పంపేసేవాణ్ణి. బడి ముందర వేపచెట్టు, చెట్టు కింద మధ్యాహ్న భోజనం పొయ్యి. అక్కడ కూర్చోమనేవాణ్ణి.

భవిత మేడం వారానికొక రోజు మా బడికి వచ్చేది. వయసులో నా కూతురంత. విషయం చెప్పగానే ఆమె బేసిక్ ఎంఆర్ తీయలేదు. మొదట అడిగింది, "కళ్లు చూపించారా సార్? చెవులు?" అని. లేదన్నాను. ఆరోగ్య బృందం వచ్చినప్పుడు చూపించాం. వీడికి రెండూ బాగున్నాయి. అదే వరసలో నిలబెట్టిన రెండో తరగతి పాపకు మాత్రం రెండు చెవుల్లోనూ చీము. ఏడాదిగా ఆ పిల్లను 'పిలిస్తే పలకదు, పొగరు' అనుకుంటూ వచ్చాం. ప్రవర్తన గురించి మాట్లాడే ముందు ఒంటి సంగతి చూసుకోవాలని నాకు అప్పుడు బుద్ధికెక్కింది.

ఆ తర్వాత ఆమె ఒక లాంగ్ నోట్‌బుక్ తెచ్చి మూడు గడులు గీసింది. మొదటి గడి: దానికి ముందు ఏం జరిగింది. రెండో గడి: వాడేం చేశాడు. మూడో గడి: తర్వాత మనమేం చేశాం. పలక విసిరిన ప్రతిసారీ నింపమంది, టైముతో సహా. నాకు మండింది. నలభై మందిని పెట్టుకుని, అటెండెన్సు యాప్‌లో ఫొటోలు ఎక్కించి, కోడిగుడ్లు లెక్కపెట్టి, చిక్కీల లెక్క రాసి, ఇది కూడానా? ఆ మాట అనేశాను కూడా. ఆమె, "రెండు వారాలే సార్" అంది.

రెండు వారాలు రాశాను. పదిహేడు సార్లు. మేడం వచ్చి కూర్చుని, నేను రాసింది నాకే చదవమని ఇచ్చింది. పదిహేడింటిలో పద్నాలుగు సార్లు మొదటి గడిలో ఒకటే ఉంది: బోర్డు మీదిది చూసి రాయమన్నాను. పాట పాడేటప్పుడు లేదు, ఆటల్లో లేదు, భోజనం దగ్గర లేదు. సరే, వీడికి రాయడం కష్టంగా ఉంది, తప్పించుకుంటున్నాడు అన్నాను. "అది సగమే సార్, చివరి గడి చూడండి" అంది. చూశాను. నా చేతిరాతే. బయటికి పంపాను. బయటికి పంపాను. బయటికి పంపాను.

బయట ఏముంది? వేపచెట్టు నీడ. వంట చేసే అక్క బియ్యంలో రాళ్లు ఏరుతూ వీడిని పక్కన కూర్చోబెట్టుకుని కబుర్లు చెప్పేది, చేటలో పిడికెడు బియ్యం పోసి నువ్వూ ఏరరా అనేది. నేను శిక్ష అనుకున్నది వాడికి ఆ బడిలో దొరికే అన్నిటికన్నా మంచి చోటు. పలక విసిరితే అక్కడికి పోవచ్చు. వాడికి తిక్క లేదు, లెక్క ఉంది.

"వానికి పలక విసరడం నేర్పింది మనమే సార్" అంది ఆ అమ్మాయి. మర్యాదకు తనను కూడా కలుపుకుని 'మనమే' అంది.

ఇది ఆమె సొంతంగా కనిపెట్టిందేమీ కాదు. 1985లో ఎడ్వర్డ్ కార్, మార్క్ డ్యూరండ్ అని ఇద్దరు అమెరికా పరిశోధకులు ఇదే చూపించారు. మాట సరిగా రాని పిల్లల అల్లరి చాలాసార్లు ఒక రకమైన మాటే. 'ఇది నాకు కష్టంగా ఉంది', 'నా వైపు చూడు', ఇవే ఎక్కువగా. ఆ మాటను అనడానికి ఇంకో సులభమైన దారి నేర్పిస్తే అల్లరి అవసరం తగ్గుతుంది. అమెరికాలో 1997లో ఈ పద్ధతిని ప్రత్యేక విద్యా చట్టంలోకే ఎక్కించారు. వైకల్యం కారణంగా వచ్చిన ప్రవర్తనకు పిల్లోణ్ణి పది బడిరోజులకు మించి బయట పెట్టాలని చూస్తే, ఆ ప్రవర్తన ఎందుకు వస్తోందో బడి పరీక్షించి తీరాలి. డల్లాస్‌లోనో న్యూజెర్సీలోనో ఉన్న మన తెలుగు తల్లిదండ్రుల్లో ఇట్లాంటి పిల్లలున్న వాళ్లు ఈ మీటింగులకు కూర్చుని, కాగితం మీద సంతకాలు పెట్టి వస్తారు. మన 2016 దివ్యాంగుల హక్కుల చట్టంలో ఆ మాట ఆ రూపంలో లేదు. ప్రతి పిల్లోడికీ తగిన వ్యక్తిగత సాయం చేయాలని ఉంది, ఐదేళ్లకొకసారి బడిపిల్లల్లో సర్వే చేసి ఇట్లాంటి పిల్లలను గుర్తించాలని ఉంది. గుర్తించడం దాకా మనం బాగానే చేస్తాం. గుర్తించినాక వాణ్ణి రెండు వారాలు చూడమని ఎక్కడా లేదు.

మేడం చెప్పిన ఉపాయం మీరు నవ్వేంత చిన్నది. ఒక సీసా మూతకు ఎర్ర రంగు పూసింది. వాడి జేబులో పెట్టింది. రాయడం వల్ల కాకపోతే ఆ మూత తెచ్చి అయివారి బల్ల మీద పెట్టాలి. పెడితే ఐదు నిమిషాలు వేపచెట్టు కిందికి. పలక విసిరితే మాత్రం ఎక్కడికీ లేదు, అక్కడే కూర్చోవాలి. దాంతోపాటు నేను ఇచ్చే పని తగ్గించాలి. పది వరుసల బదులు రెండు వరుసలు, అవి కూడా పలక మీద చుక్కలు పెట్టి ఇవ్వాలి.

మొదటి వారం నరకం. విసిరినా బయటికి పోనివ్వకపోయేసరికి వాడు ఇంకా ఎక్కువ విసిరాడు. పక్క పిల్లల తల్లులు గొడవకు వచ్చారు. ఎప్పుడూ తెరుచుకునే తలుపు తెరుచుకోకపోతే ఇంకొంచెం గట్టిగా బాదుతారు కదా, ఇది అదేనని మేడం ముందే చెప్పింది. చెప్పినా సహించడం కష్టమే. రెండో వారం మూత సంగతి పట్టుకున్నాడు. ఒకరోజు పన్నెండుసార్లు పెట్టాడు. నాకు మళ్లీ మండింది. "అన్నిసార్లు పెట్టనీండి సార్, అడుగుతున్నాడు గదా, విసరడంలేదు గదా" అంది. నెల తిరిగేసరికి రోజుకు మూడు సార్లకు దిగింది. పలకలు పూర్తిగా ఆగలేదు. వారానికొకటో రెండో ఉండేవి. అయినా నా నోట్‌బుక్‌లో గడులు ఖాళీగా మిగలడం మొదలయింది.

ఇంకో సంగతి చెప్పకుండా ముందుకు పోలేను. వాడి జేజికి ఇరవై మూడు మేకలున్నాయి. ఆదివారాలు వీడే తోలుకుపోతాడు. బేసిక్ ఎంఆర్ అంకెల భాగంలో మేడం వాణ్ణి పదిదాకా లెక్కపెట్టమంటే నాలుగు దగ్గర ఆగిపోయాడు. కానీ సాయంత్రం మేకలు దొడ్లోకి వచ్చేటప్పుడు ఒకటి తక్కువైతే వాడికి తెలిసిపోతుంది. ఏది తక్కువో కూడా తెలుస్తుంది, 'నల్లచెవిది రాలేదు' అంటాడు. ఇరవై మూడు అనే అంకె వాడికి రాదు, ఇరవై మూడు మొహాలు వచ్చు. 280 అంశాల్లో ఇది ఏ గడిలో పడుతుంది? మేడం అంకెల గడిలో రావాల్సిన తక్కువ మార్కే వేసి, పక్కన మార్జిన్‌లో 'మేకలన్నిటినీ గుర్తుపడతాడు' అని రాసింది. తర్వాతి నెల నుంచి ఒక్కో మేకకు ఒక్కో గులకరాయి చొప్పున లెక్క నేర్పడం మొదలుపెట్టింది. మార్కు తక్కువ వేయడం తప్పు కాదు. మార్జిన్ ఖాళీగా వదిలేయడం తప్పు.

కొలమానాలు చూడలేనివి మన ఉమ్మడి అనంతపురం జిల్లాలో ఇంకా ఉన్నాయి. తండాల నుంచి వచ్చే సుగాలి పిల్లలు ఇంట్లో లంబాడీ మాట్లాడతారు. రాయదుర్గం, మడకశిర వైపు కన్నడం, హిందూపురం, కదిరి పట్నాల్లో ఉర్దూ. ఒకటో తరగతిలో చేరిన ఆర్నెల్లకు ఆ పిల్లల్ని తెలుగులో ప్రశ్నలడిగి మాట గడిలో తక్కువ మార్కు వేస్తే అది పిల్లోడి లోపమా, అడిగినవాడి లోపమా? పొద్దున ఏమీ తినకుండా వచ్చి పదకొండు గంటలకు చిరాకుపడే పిల్లోడు, భోజనం బెల్లు తర్వాత బంగారంలాగా ఉంటాడు. ఆ సంగతి మూడు గడుల నోట్‌బుక్‌లో తెలుస్తుంది. ఒకపూట వచ్చి టిక్కులు పెట్టి పోయే కాగితంలో తెలియదు.

ఇప్పుడు ఫోన్లోనే ఒక యాప్ వచ్చింది. ఎన్‌సీఈఆర్‌టీ వాళ్లు 2022లో తెచ్చారు, ప్రశస్త్ అని దాని పేరు. చట్టంలోని 21 రకాల వైకల్యాల లక్షణాలు అందులో ఉంటాయి. మామూలు అయివారు మొదటి భాగం నింపాలి, స్పెషల్ టీచర్ రెండో భాగం నింపాలి. మంచిదే. దాని ఉద్దేశం ఈ పిల్లోణ్ణి ఒకసారి నిపుణులకు చూపించండి అని చెప్పడం, అంతవరకే. కానీ కొందరు మా అయివార్లు టిక్కులు పెట్టడం పూర్తి కాగానే, 'మా క్లాసులో ఇద్దరు ఆటిజం, ఒకడు హైపర్' అని స్టాఫ్ రూములో చెప్పుకోవడం నేను విన్నాను. ఆటిజాన్ని తేల్చడానికి మనోవికాస్ నగర్ వాళ్లే నలభై అంశాలతో వేరే కొలమానం తయారుచేశారు. దాన్ని వాడటానికి శిక్షణ కావాలి, పిల్లోణ్ణి చూడాలి, తల్లితో మాట్లాడాలి. మొత్తం 70 గానీ అంతకు మించి గానీ వస్తేనే ఆటిజం మాట ఎత్తుతారు. యాప్‌లో పడిన టిక్కు ఆ పని చేయదు. వెనకట ఊళ్లో 'మందబుద్ధి' అనేవాళ్లు, ఇప్పుడు అదే పని ఇంగ్లీషు మాటతో చేస్తున్నాం.

మరి ఈ రెండు వారాల చూపు ఎవరు చూడాలి? ఒక మండలానికి ఒకరిద్దరు రిసోర్సు టీచర్లు, పాతిక ముప్పై బడులు. బస్సు దిగి రెండు కిలోమీటర్లు నడిచి మా బడికి వచ్చిన ఆ అమ్మాయి, అదే రోజు ఇంట్లో మంచం మీదున్న ఇంకో పిల్లోడి దగ్గరికి పోవాలి. సుప్రీంకోర్టు 2021 అక్టోబరులో, ప్రాథమిక స్థాయిలో ఇట్లాంటి పిల్లలు పదిమందికి ఒక ప్రత్యేక ఉపాధ్యాయుడు, ఆ పై తరగతుల్లో పదిహేనుమందికి ఒకరు ఉండాలంది. మన రాష్ట్ర ప్రభుత్వం 2025 ఏప్రిల్లో 2,260 ప్రత్యేక ఉపాధ్యాయ పోస్టులు మంజూరు చేసింది. సంతోషమే. ఏళ్లతరబడి కాంట్రాక్టు జీతం మీద ఈ పని చేసినవాళ్లను చూసినవాణ్ణి కాబట్టి ఆ సంతోషం నాకు ఇంకొంచెం ఎక్కువే. మన జిల్లాలో రూరల్ డెవలప్‌మెంట్ ట్రస్టు కూడా ఉంది. 1969 నుంచి ఇక్కడ పనిచేస్తూ, ఈ పిల్లల కోసం వేరే బడులు నడిపింది, ఊరూరా దివ్యాంగుల సంఘాలు పెట్టించింది. అయినా పల్లె బడిలో మూడో తరగతిలో కూర్చున్న పిల్లోణ్ణి రోజూ చూసేది మామూలు అయివారే. నా లాంటివాడు. నోట్‌బుక్ నా బల్ల మీద ఉంటేనే అది నిండుతుంది.

పిల్లోడి కథ మిగిలి ఉంది. ఆ ఏడు చెనక్కాయ పంట పోయింది. సంక్రాంతికి ఊరికొచ్చిన తల్లీ తండ్రీ తిరిగి పోతూ వాణ్ణి కూడా బెంగళూరు తీసుకుపోతామన్నారు. జేజికి కూడా చేతకావడంలేదు, మేకలు అమ్మేశారు. వాడి దగ్గర కాగితాలన్నీ ఉన్నాయి. దివ్యాంగుల కార్డు ఉంది, అది దేశంలో ఎక్కడికి పోయినా చెల్లుతుంది. శాతం బెంగళూరుకు పోతుంది. వాడి గురించి మేము నాలుగు నెలలు చూసి రాసుకున్నది మాత్రం మండలంలో ఒక బీరువాలో, ఒక ఫైల్లో ఉంటుంది. బీరువా ఎక్కడికీ పోదు.

అందుకని ఆ సాయంత్రం మేడం, నేను కూర్చుని ఒక కాగితం రాశాం. తెలుగులో రాయాలా, ఇంగ్లీషులో రాయాలా అని కాసేపు తర్జనభర్జన పడ్డాం. బెంగళూరులో అయివారు కన్నడిగుడైతే మన అక్షరాలు కూడబలుక్కుని చదువుకోగలడు, చదవలేకపోతే తల్లి చదివి చెప్తుంది అని తెలుగులోనే రాశాం. జిరాక్సు తీయించి ఆధార్, రేషన్ కార్డు, సర్టిఫికెట్టు ఉన్న ప్లాస్టిక్ కవర్లోనే పెట్టించాం. అందులో రాసింది ఇంతే.

'అయ్యా, అమ్మా. ఈ పిల్లోడికి కళ్లు, చెవులు బాగున్నాయి. ఒకసారి రెండు వరుసలకు మించి రాయమనొద్దు, చుక్కలు పెట్టి ఇస్తే రాస్తాడు. బల్ల మీద ఎర్ర మూత పెడితే ఐదు నిమిషాలు బయటికి పంపండి, తిరిగి వస్తాడు. పలక విసిరితే పంపొద్దు. మొదట్లో ఎక్కువ విసురుతాడు, భయపడొద్దు. మేకల గురించి అడగండి, మాట్లాడతాడు.'